పెన్న గట్టు శిల్పులు, డేరాలో మాయాబజార్

తాడిపత్రికి మా పల్లె పెన్న అవతలి ఒడ్డున ఉండేది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏట్లో నీళ్ళు ఉండవు, ఇసుకే. నాయన ఏ పని మీద ఊళ్ళోకి పోయినా నేను వెంట పడేవాణ్ణి. పొద్దెక్కితే ఇసుక కాళ్ళు కాలుస్తుందని తెల్లారకముందే బయలుదేరేవాళ్ళం. దప్పికైతే చెలమ తోడుకుని, నీళ్ళు తేరేదాకా కూర్చుని, దోసిళ్ళతో తాగేవాళ్ళం. ఏరు దాటి గట్టెక్కితే బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. లింగం అడుగున ఏడాది పొడవునా నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. పెన్న ఎండిపోయినా స్వామి కింద తడి ఆరదని మా జేజి చేతులెత్తి మొక్కేది.

నాయన ఊళ్ళో పని చూసుకుని వచ్చేదాకా నన్ను ఆ గుళ్ళోనే వదిలిపెట్టేవాడు. నేను గర్భగుడి దగ్గర ఉండేవాణ్ణి కాదు. గోపురాల దగ్గర చేరేవాణ్ణి. ఆ గోపురాలు పూర్తి కాలేదు. పైన ఉండాల్సిన అంతస్తులు లేవు, రాతితో కట్టిన కింది భాగమే ఉంది. ఆ కింది భాగం మీద మాత్రం చెక్కకుండా విడిచిన చోటు వేలు పెట్టడానికి కూడా దొరకదు. అడుగున ఒక వరస, దాని మీద ఇంకో వరస, ఆ పైన ఇంకోటి. హంసలు, తీగెలు, పూలు, చిన్న చిన్న మంటపాలు, వాటిలో నిలబడిన బొమ్మలు. రాయిది బూడిదా ఆకుపచ్చా కలిసిన రంగు. వానాకాలం తడిస్తే పచ్చదనం పైకొస్తుంది. ఒక తీగెను పట్టుకుని దాని వెంట చూపుడువేలు పోనిచ్చి, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడం నా ఆట. వేలు మలుపు తిరుగుతుంది, ఆకు కిందికి పోతుంది, ఒక చిలక కాళ్ళ దగ్గర తేలుతుంది, మళ్ళీ మలుపు. చివర దొరికేది కాదు.

మా ఊళ్ళో బండల పని చేసే ముసలాయన ఒకడు ఉండేవాడు. తాడిపత్రి చుట్టూ బండల గనులే కదా, ఎంతోమందికి అదే బతుకు. ఆయన్ని మేమంతా తాతా అనేవాళ్ళం. ఒకనాడు నేను గోపురం దగ్గర వేలుతో ఆడుకుంటుంటే చూసి పక్కన కూర్చున్నాడు.

"ఇది ఎవురు చెక్కినారు తాతా?" అన్నాను.

"ఒకడు చెక్కింది కాదురా ఇది. గని కాణ్ణించి రాయి తెచ్చినోడు ఒకడు. చదరం చేసినోడు ఇంకొకడు. గీత గీసినోడు, తీగె తీసినోడు, ముక్కూ కండ్లూ దిద్దినోడు, అందరూ వేరే వేరే. అయినా సూడు, ఒక్క సెయ్యి చేసినట్టే ఉండాది. అది పెద్ద మేస్త్రీ పనితనం. ఆయన ఉలి పట్టినాడో లేదో గానీ ఈ గోపురమంతా ఆయన తలకాయలోనే ఉన్నింది."

ఈ మాట తర్వాత నాకు చాలా పనికొచ్చింది.

శెనక్కాయ పంట ఇంటికి చేరినాక, జనం చేతుల్లో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో మా పల్లె పక్కన చేలో టూరింగ్ టాకీసు డేరా వేసేవాళ్ళు. గుంజలు పాతడం మొదలు పెట్టిన నాటి నుంచి పిల్లలం ఇంట్లో నిలబడేవాళ్ళం కాదు. డేరా అంటే నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు. నేల మీద ఆడవాళ్ళకు ఒక పక్క, మగవాళ్ళకు ఒక పక్క, మధ్యలో అడ్డంగా ఒక గుడ్డ. చీకటి పడుతుంటే మైకులో ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట మొదలయ్యేది. ఆ పాట అయిపోయేలోగా టికెట్టు కొనాలని ఊరంతటికీ తెలుసు. మా అమ్మ సగం కడిగిన గిన్నెలు అట్లే వదిలేసి చెయ్యి తుడుచుకునేది. జేజి బొరుగుల మూట, కూర్చోవడానికి గోనెపట్టా సర్దుకునేది. దారెంబడి లాంతర్లు కదులుతుండేవి.

ప్రొజెక్టరు ఒక్కటే. రీలు అయిపోయిన ప్రతిసారీ బొమ్మ ఆగేది, లైటు వెలిగేది. ఆ సందులో గోలీసోడాలు, బీడీలు, ఏడ్చే పిల్లలు, పెద్దవాళ్ళ వాదనలు. కొత్త రీలు ఎక్కించగానే ఊరు మొత్తం ఒక్కసారిగా గమ్మునైపోయేది. ఎన్నో సినిమాలు ఆ డేరాలో చూశాను. వాటిలో చాలావాటి కథలు కూడా ఇప్పుడు గుర్తు లేవు. మాయాబజార్ ఒక్కటి అట్లా కాదు.

అప్పటికే అది పాత సినిమా. 1957 మార్చి 27న విడుదలైంది. మా నాయన పెళ్ళికి ముందు చూశానని చెప్పేవాడు. ఏళ్ళు గడిచినా డేరాలోకి ఆ పెట్టెలు వస్తే ఇల్లిల్లూ కదిలిపోయేది. జేజి కృష్ణుడు కనబడగానే చేతులు జోడించింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా. తెర మీద ఉన్నది రామారావని వాళ్ళకు తెలియక కాదు. తెలిసే జోడించారు.

నాకు మధ్యలో ఒక అనుమానం వచ్చింది. ఇది భారతం కథ కదా. అభిమన్యుడు ఉన్నాడు, సుభద్ర ఉంది, ఘటోత్కచుడు ఉన్నాడు, దుర్యోధనుడు, శకుని అందరూ ఉన్నారు. రీలు మారే సందులో జేజిని అడిగాను.

"జేజీ, ధర్మరాజు యాడ? భీముడు యాడ?"

"అడవిలో ఉండారు గదరా. జూదంలో ఓడిపోలేదా?" అంది, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

మాయాబజార్‌లో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు. మూడు గంటల సినిమా. భారత కథకు నాయకులైన అయిదుగురూ లేకుండా నడిచిపోతుంది. పక్కన కూర్చున్న మా జేజికి ఆ లోటు కనబడనే లేదు. ఆమెకు చదువు రాదు. కానీ పాండవులు ఎక్కడున్నారో, ఎందుకున్నారో, ఎన్నాళ్ళుంటారో అన్నీ ఆమె బుర్రలో ఉన్నాయి. హరికథల్లో విన్నది, తోలుబొమ్మలాటలో చూసింది. ఆ సినిమా తీసిన మనిషికి మా జేజి గురించి తెలుసు. ఆమెకు ఏది చెప్పాలో, ఏది చెప్పనక్కర్లేదో లెక్క వేసుకుని తీశాడు. ఇంత పెద్ద కథలోంచి అంత పెద్ద పాత్రల్ని తీసి పక్కన పెట్టే ధైర్యం, పెట్టినా కథ కుంగదన్న నమ్మకం, మామూలు పనివాడికి ఉండవు. ఇది పెద్ద కవులు చేసే పని.

శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలో లేదు. జనం కల్పించుకున్నది. సురభి వాళ్ళ నాటకాల్లో మాయాబజార్ అంటే ఊళ్ళకు ఊళ్ళు బండ్లు కట్టుకుని పోయేవి. సినిమాగానూ ఈ మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి కంటే ముందే కొందరు తీశారు. అందరికీ తెలిసిన కథ, అందరూ ఆడిన కథ. దాన్ని పట్టుకుని ఇక ముందూ వెనకా ఎవరూ ఇట్లా చెప్పలేరనిపించాడు. పోతన చేసిందీ ఇదే కదా. గజేంద్రుడి కథ, ప్రహ్లాదుడి కథ ఆయన పుట్టించినవి కావు.

డేరా ఎత్తేశాక పిల్లలకు ఇంకో పండగ. ప్రొజెక్టరు ఉన్న చోట మట్టిలో తెగిన ఫిల్ము ముక్కలు దొరికేవి. రీలు తెగినప్పుడల్లా ఆపరేటరు రెండు మూడు బొమ్మలు కత్తిరించి అతికించేవాడు. ఆ కత్తిరింపుల కోసం మేము కోళ్ళలాగా నేల గీకేవాళ్ళం. మాడిపోయిన బల్బు లోపలి భాగం తీసేసి నీళ్ళు పోసి, దాని ముందు ఫిల్ము ముక్క పట్టుకుని, అద్దంతో ఎండను దాని మీదికి మళ్ళిస్తే చీకటి గదిలో నాయన పంచె మీద బొమ్మ పడేది.

ఆ ఏడు నాకు దొరికిన ముక్క కొంచెం పొడుగుది. వరసగా కొన్ని బొమ్మలు. అన్నిట్లోనూ సావిత్రి ముఖమే. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్ళివారింట చేరాక వచ్చే ఘట్టం అది. పంచె మీద ఒక్కో బొమ్మనే నిలిపి చూశాను. మొదటి దాంట్లో పెళ్ళికూతురి సిగ్గు. తర్వాతి దాంట్లో కళ్ళు రవ్వంత పైకి లేచాయి. ఆ తర్వాత గడ్డం ఎత్తింది, మెడ బిగిసింది. చివరి బొమ్మకు వచ్చేసరికి ఆ ముఖంలో ఉన్నది ఆడపిల్ల కాదు, ఎస్వీ రంగారావు. సెకనుకు 24 బొమ్మలు పరిగెత్తేటప్పుడు అదంతా రెప్పపాటు. డేరాలో చూసినప్పుడు నవ్వాను, అంతే. పంచె మీద నిలిపి చూసినప్పుడు వేలు పెట్టి తీగె వెంట పోయినట్టు ఉంది. ఎక్కడా ఖాళీ లేదు. ఎక్కడా తెగలేదు.

నటించింది సావిత్రి, నిజమే. ఆమెను తక్కువ చేసే మాట నేను అనను. కానీ శశిరేఖగా ఆమె నడక ఎట్లా ఉండాలో, మాయా శశిరేఖగా ఎక్కడ ఎంత మారాలో, ఆ మార్పు చూసేవాడికి ఎప్పుడు తెలియాలో, ఎప్పుడు తెలియకూడదో ముందే ఒకరు అనుకుని ఉండాలి. ఘటోత్కచుడిగా రంగారావు నడిచిన తీరు, నవ్విన తీరు చూసేవాడి మనసులో ముద్ర పడ్డాకే ఈ ఘట్టం వస్తుంది. ముందు వస్తే పండదు. ఆ వరస వేసినవాడు ఒకడున్నాడు.

మా హైస్కూల్లో తెలుగు అయివారికి సినిమా అంటే గిట్టేది కాదు. మంచి పండితుడు. ఆయన నోట భారతం విన్నవాడెవడూ మరిచిపోడు. నన్నయ, తిక్కన, పోతన, త్యాగయ్య, అన్నమయ్య అని వేళ్ళు మడిచి, "వీళ్ళురా కళాకారులంటే" అనేవారు. ఒకసారి ఎవడో మాయాబజార్ పేరెత్తాడు. అయివారు కోప్పడలేదు. నెమ్మదిగా అడిగారు.

"సరే, మంచి బొమ్మే. నేనూ చూసినాను. దానికి కర్త ఎవరు? మాట పింగళిది. గొంతు ఘంటసాలది, ముఖం రంగారావుది. వెన్నెల కెమెరావాడిది. ఇంతమంది చేసినదాన్ని ఒకడి పేరున ఎట్లా రాస్తావు? పోతన పక్కన ఎవరున్నారు? గంటం ఉంది, తాటాకు ఉంది. అంతే."

మాకు బదులు తోచలేదు. ఆ ప్రశ్న మాత్రం చిన్న ప్రశ్న కాదు. సినిమా దర్శకుణ్ణి గొప్ప కవుల పక్కన, శిల్పుల పక్కన కూర్చోబెట్టడానికి ఇష్టపడనివాళ్ళు ఏ దేశంలోనైనా మొదట అనేది ఈ మాటే.

1972 సెప్టెంబరులో ఒక పొద్దున అయివారు పేపరు చేతిలో పట్టుకుని క్లాసుకొచ్చారు. పాఠం మొదలు పెట్టలేదు. "కె.వి. రెడ్డి పోయినాడు," అన్నారు. ఎవరని అడిగితే మాయాబజార్ తీసినాయన అని చెప్పి, కిటికీలోంచి పెన్న దిక్కు చూపించి, "మన తాడిపత్రి ఆయనే," అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది గర్వమో దిగులో చెప్పలేను. మద్రాసు నుంచి పెట్టెల్లో వచ్చే ఆ లోకం, ద్వారకా, ఘటోత్కచుడి ఆశ్రమం, నేను ఇసుక దాటి పోయే ఊళ్ళో పుట్టిన మనిషి తలలోంచి వచ్చిందా! కదిరి వెంకటరెడ్డి 1912లో తాడిపత్రిలో పుట్టాడు. నేను తీగెల వెంట వేలు పోనిచ్చిన ఆ గోపురాల్ని ఆయన చూడకుండా పెరిగి ఉండడు. ఊరి నడుమ చింతల వెంకటరమణ గుడి గోడల మీద రామాయణం బొమ్మ తర్వాత బొమ్మగా చెక్కి ఉంటుంది. దాని ముందు కూడా నిలబడి ఉంటాడని నా నమ్మకం. కథను బొమ్మల వరసలో చెప్పడం మా ఊళ్ళో నాలుగైదు వందల ఏళ్ళ నాటి విద్య.

తర్వాత ఆయన గురించి దొరికిందల్లా చదివాను. మద్రాసులో సైన్సు డిగ్రీ చదివాడు. తాడిపత్రికే చెందిన మూలా నారాయణస్వామి పెట్టుబడితో, బి.ఎన్. రెడ్డి సారథ్యంలో వాహినీ సంస్థ మొదలైనప్పుడు, 1939 నాటి వందేమాతరం సినిమాకు డబ్బు లెక్కలు, నిర్మాణం పనులు చూశాడు. దర్శకుడిగా తొలి సినిమా భక్త పోతన. 1947లో యోగి వేమన. రెండింట్లోనూ కథానాయకుడు నాగయ్యే. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మా అనంతపురం సీమదే. మా జేజి అక్కడికి పోయొచ్చి తెచ్చిన విభూతి ఇంట్లో చాలా రోజులుండేది. నా వరకు ఇందులో ఒక అర్థముంది. ఒక పెద్ద కవినీ ఒక పెద్ద యోగినీ తెర మీదికి తెచ్చి, వాళ్ళతో ఏళ్ళ తరబడి మనసులో కాపురం చేసినాకే ఈ మనిషి పాతాళభైరవికి, మాయాబజార్‌కు వచ్చాడు.

ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు చెప్పిన సంగతుల్లో నన్ను ఎక్కువ పట్టుకున్నది స్టాప్‌వాచి. స్క్రిప్టు పూర్తయ్యాక ప్రతి సన్నివేశాన్నీ మాటలతో సహా చదివించి, గడియారం పెట్టి, దాని నిడివి రాసుకునేవాడట. షూటింగు మొదలు కాకముందే సినిమా ఎంత పొడుగుంటుందో ఆయనకు తెలుసు. సెట్టు మీదికి వచ్చాక మాట మార్చడం ఉండేది కాదు. మాయాబజార్‌కు సహాయకుడిగా పనిచేసి, తర్వాత తనే పెద్ద దర్శకుడైన సింగీతం శ్రీనివాసరావు ఆయన్ని గురువుగానే తలచుకున్నాడు. వాహినీ స్టూడియోలో గోఖలే, కళాధర్‌లు సుమారు 300 బుల్లి ఇళ్ళతో ద్వారక నమూనా కట్టి దీపాలు వెలిగించారు. పడవ మీద శశిరేఖా అభిమన్యుల వెన్నెల మార్కస్ బార్ట్‌లీ వెలుతురు. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడేదీ ఆయన కెమెరా పనితనమే. కొన్ని పాటల వరసలు సాలూరి రాజేశ్వరరావువి, మిగతా సంగీతమంతా ఘంటసాలది. ఇంతమంది ఉద్దండులు. ఎవరికి వారు సినిమాను తమ వైపు లాగేసుకోగల బలమున్నవాళ్ళే. ఎవరూ లాగలేదు. బార్ట్‌లీ వెన్నెల పింగళి మాట కోసం ఆగుతుంది. ఘంటసాల వరస సావిత్రి అడుగు కోసం ఆగుతుంది. ఎవరు ఎక్కడ ఆగాలో కె.వి. రెడ్డి స్క్రిప్టులో ఉంది.

బండల తాత మాట నాకు అప్పుడు అర్థమైంది. గోపురమంతా పెద్ద మేస్త్రీ తలకాయలో ఉండడమంటే ఇదే. అయివారు అడిగిన ప్రశ్నకు బదులు ఆయన బడి కిటికీలోంచి చూపించిన దిక్కులోనే ఉంది. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి కట్టింది 1490, 1509 మధ్య అని చరిత్ర చెబుతుంది. ఆ పని ముగిసే రోజుల్లోనే, 1508లో, రోములో మైకలాంజిలో సిస్టీన్ చాపెల్ కప్పు మీద బొమ్మలు మొదలుపెట్టి 1512కు ముగించాడు. ఆయన పేరు లోకమంతా తెలుసు. మా గోపురాల మేస్త్రీ పేరు ఊళ్ళో ఎవరి నోటా వినబడదు. పేరు లేనంత మాత్రాన ఆ మేస్త్రీ తక్కువవాడు కాడు. 19వ శతాబ్దంలో భారతదేశపు కట్టడాల గురించి రాసిన జేమ్స్ ఫెర్గుసన్ తాడిపత్రి గోపురాల్ని మెచ్చుకున్నాడు. పదిమంది చేతులు పడితే కళ కాదంటే ముందు మా గోపురాల్ని కొట్టేయాలి, హంపిని, ఎల్లోరాను కొట్టేయాలి. ఆంట్వెర్ప్‌లో పెద్ద పనిశాల నడిపి, శిష్యులతో రంగులు వేయించి, చివర తన చేత్తో దిద్దిన రూబెన్స్‌నూ కొట్టేయాలి. ఒంటరిగా కూర్చుని రాసినవాడే గొప్పవాడన్నది కవిత్వం వరకు సరిపోయే కొలత. దాన్ని తెచ్చి అన్ని కళలకూ పెట్టడం న్యాయం కాదు.

ఇంకో అభ్యంతరం ఉంది. రాయి అయిదు వందల ఏళ్ళు నిలిచింది, సినిమా వయసెంత అంటారు. నిజమే, సినిమా చిన్న కళ. కానీ మాయాబజార్ కిందటి తరాల చేతుల్లోంచి జారిపోని తీరు చూడండి. పద్యం నేర్చుకున్నట్టు పిల్లలు దానిలో మాటలు నేర్చుకున్నారు. 2013లో, భారతీయ సినిమా నూరేళ్ళ పండగప్పుడు, ఒక జాతీయ టీవీ చానెల్ నిర్వహించిన ఓటింగులో దేశంలోకెల్లా గొప్ప సినిమాగా మాయాబజార్ నిలిచింది. ఓట్లతో కళ తేలదు, ఒప్పుకుంటాను. కానీ అర్ధశతాబ్దం దాటాక ఇంకా ఇంతమంది మనసులో ఉండడం ఓటు మాత్రమే కాదు. 2010లో దానికి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. కొత్త పిల్లలు హాలుకు వచ్చారు, సంతోషం. నాకు మాత్రం బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో పుట్టించిన వెన్నెలే వెన్నెల. దాని మీద రంగు వేయనక్కర్లేదు.

జనరంజకమైనది గొప్ప కళ ఎట్లా అవుతుందని అడిగేవాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు. త్యాగయ్య కృతి పాడని సభ ఉందా? వేమన పద్యం రాని పల్లె ఉందా? పలుగూ పారా పట్టినవాడికి అందినంత మాత్రాన పద్యం చిన్నబోదు.

కె.వి. రెడ్డి తీసినవన్నీ ఒకే ఎత్తున లేవు. 1965లో వచ్చిన సత్య హరిశ్చంద్ర మాయాబజార్ దరిదాపులకు రాదు. 1968లో వచ్చిన భాగ్యచక్రం, ఉమా చండీ గౌరీ శంకరుల కథ చూసినప్పుడు మనసు చివుక్కుమంది. అదే మనిషి 1949లో షేక్‌స్పియర్ లియర్ రాజు కథను గుణసుందరి కథగా మన ఇంటి కథ చేశాడు. కూతురి మంచితనం తండ్రికి ఆలస్యంగా తెలిసే ఆ కథ మా పల్లె ఆడవాళ్ళు తమదే అనుకుని ఏడ్చారు. 1951లో పాతాళభైరవి తీశాడు. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్ళిన సినిమా అది. 1954లో ఇబ్సెన్ నాటకం ఆధారంగా పెద్దమనుషులు. మునిసిపల్ చైర్మన్ ముసుగులో ఊరిని దోచుకునే పెద్దమనిషి కథ అది, డి.వి. నరసరాజు మాటలతో. ఇది చూసినవాడికి కె.వి. రెడ్డి మాయలూ మంత్రాల మనిషి అనే మాట నోట రాదు. ఒక జానపదం, ఒక పౌరాణికం, ఒక సాంఘికం, మూడింట్లోనూ ఒకే నిగ్రహం. అనవసరమైన మాట లేదు, అనవసరమైన అడుగు లేదు. ఇన్ని రకాల కథల్లో ఇంత ఎత్తు అందుకున్నవాడు మన దేశంలో సత్యజిత్ రాయ్ తర్వాత నాకు వేరే కనబడడు. ఇది నా ఊరి అభిమానంతో అంటున్న మాట కాదు. ఆ సినిమాలు పక్క పక్కన పెట్టుకుని చూసి అంటున్నాను.

మా అయివారు తన మాట మార్చుకోలేదు. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి కలిసి, గోపురం సంగతి, స్టాప్‌వాచి సంగతి చెప్పాను. అంతా విని, "నువ్వు చెప్పేది బాగానే ఉందిరా. అయినా పోతన పోతనే," అన్నారు. నేనూ కాదనలేదు. పోతనను దించి ఆ చోట ఇంకొకరిని కూర్చోబెట్టమని నేను అడగలేదు. ఆ వరసలో ఇంకో పీట వేయమన్నాను.

జేజి పోయి చాలా ఏళ్ళైంది. మా పల్లెకు డేరా రావడం ఎప్పుడో మానేసింది. పెన్న మీద నడిచి దాటే దారి కూడా ఇప్పుడెవరికీ అక్కర్లేదు. బండలు కోసే మిషన్ల మోత ఊరి బయటిదాకా వినబడుతుంది. గోపురాలు మాత్రం ఉన్నాయి.

కె.వి. రెడ్డిని నేను తాడిపత్రి పెద్ద మేస్త్రీ పక్కన, మైకలాంజిలో పక్కన, భాగవతం రాసిన పోతన పక్కన పెడతాను. సందేహం లేకుండా పెడతాను. మాయాబజార్ మీరందరూ చూసే ఉంటారు. గుణసుందరి కథ, పెద్దమనుషులు చూడనివాళ్ళు మాత్రం మీలో చాలామంది ఉంటారు. ఈ సెలవుల్లో ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండూ చూడండి. మధ్యలో ఫోను తీయకండి. తర్వాత ఎప్పుడైనా తాడిపత్రి వైపు వస్తే బుగ్గ రామలింగేశ్వరుడి గుడి దగ్గర ఒక పూట ఆగి, గోపురం మీద ఒక్క తీగె వెంట వేలు పోనిచ్చి చూడమని పిల్లలకు చెప్పండి.